అద్దంలో ఎడంపక్క

ఫోటోకి కూచున్న మనిషిని ఎటు జరగమనాలో నాకంటే బాగా తెలిసినవాడు పాత ఊళ్ళో లేడని నాకు గీర ఉండేది. పాత పోస్టాఫీసు దగ్గర మా నూర్ స్టూడియోలో రోజుకి ముప్పై నలభై మందిని కూచోబెట్టేవాణ్ణి. హార్బరు కళాసీలు, ఓడల్లో పోయే కుర్రాళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునే పల్లెలవాళ్ళు, అందరికీ కావలసింది పాస్‌పోర్టు సైజు మొహమే.

నా కెమెరా కంటికి పెట్టుకుని చూసే రకం కాదు. రెండు కళ్ళ పెట్టె. పొట్ట దగ్గర పట్టుకుని, పైమూత తెరిచి, తల వంచి లోపలి అద్దంలోకి చూడాలి. ఆ అద్దంలో లోకం తారుమారుగా ఉంటుంది. నా ఎడమ పక్కనున్నది కుడి పక్కన కనిపిస్తుంది. కొత్తవాళ్ళకి దీంతో తల తిరిగిపోతుంది గానీ, స్టూడియోవాడికి అందులో ఒక సుఖం ఉంది. నాకేసి తిరిగి కూచున్న మనిషికి, అద్దంలో కనిపించే ఎడమే తన ఎడమ. కాబట్టి తల ఎత్తనక్కర్లేదు, ఆలోచించనక్కర్లేదు. అద్దంలో ఎలా కనిపిస్తే అలా అనేయడమే. ‘కొంచెం ఎడమకి’ అంటే మనిషి సరిగ్గా నాకు కావలసినవైపే జరుగుతాడు.

వీపు తిప్పి నిలబడ్డవాళ్ళ దగ్గర మాత్రం ఈ సుఖం చెల్లదు. పూలజడ ఫోటోకి ఆడపిల్లలు అటు తిరిగి నిలబడతారు కదా, వాళ్ళకి అద్దంలో ఎడమ అంటే కుడి. వీపు తిప్పినవాళ్ళతో తల పైకెత్తి, కళ్ళతో చూసి మాట్లాడాలని మా ఉస్తాద్ పీర్ మహమ్మద్ గారు నాకు మొట్టికాయలు వేసి మరీ నేర్పారు. పదిహేనేళ్ళపాటు ఒక్కసారి కూడా ఆ మాట మరిచిపోలేదు నేను.

డెబ్బై తొమ్మిది వానాకాలంలో, రంజాను పండగ వెళ్ళిన రెండు వారాలకి, డాక్టరు శ్రీరామ్మూర్తి గారు స్టూడియోకి వచ్చారు. ఆయన పాముకాటు కేసులు చూసే డాక్టరు. మనిషి సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేవారు. పాముల ఫోటోలు కావాలన్నారు. చచ్చినవి కాదు, సీసాల్లో ఊరబెట్టినవి కాదు, ప్రాణంతో ఉన్నవి. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఏం కరిచిందంటే ఏదో పురుగంటారని, విషం లేని నీరుకట్టె కరిచినవాడికీ మందు ఎక్కించేస్తున్నామని, తీరా రక్తపింజరి కరిచినవాడు వచ్చేసరికి సీసా ఉండటం లేదని చెప్పారు. విషం ఉన్నవి నాలుగు, లేనివి నాలుగు, ఒకే కాగితం మీద అచ్చు వేయించి ప్రతి పల్లె ఆసుపత్రిలోనూ గోడకి అంటించాలని ఆయన ఆశ. మందు తక్కువైన చోట బొమ్మ ఉన్నా కొంత మేలే కదండీ అన్నారు. గోస్తనీ నదికి వరద తీసే రోజులివి, నీళ్ళు తరిమిన పాములన్నీ ఏటి మధ్య దిబ్బల మీదికి చేరి ఉంటాయి, ఇప్పుడైతేనే దొరుకుతాయి అని కూడా ఆయనే చెప్పారు.

నేను ఒప్పుకున్నాను. భయం లేక కాదు. పాస్‌పోర్టు మొహాలు తీసి తీసి విసుగెత్తింది. అచ్చులో నా బొమ్మ పడుతుందన్న యావ కూడా ఉంది, దాచుకోవడం దేనికి.

నాతో వచ్చింది ఫక్రుద్దీన్. మా చెల్లెలు కరీమున్నీసా మొగుడు. మా స్టూడియో పక్క గదిలోనే ఫోటోలకి ఫ్రేములు కట్టేవాడు. టేకు బద్దని నలభై అయిదు డిగ్రీలకి కోసి, అతుకు కనపడకుండా మూల కలపడంలో అతనికి సాటి లేదు. ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళం. ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళి కాలేదు, వాళ్ళకి పిల్లలు లేరు. అన్నం దగ్గర ముగ్గురం కూచుంటే మాటల్లో ఎవరికి ఎవరు ఏమవుతారో బయటివాళ్ళకి తెలిసేది కాదు.

కరీమున్నీసాకి ఈ ప్రయాణం బొత్తిగా ఇష్టం లేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న రొట్టెలు కట్టి ఇస్తూ, మొగుడితో కాకుండా నాతో చెప్పింది.

“భయ్యా, ఈయన నడిసేటప్పుడు కింద సూడరు. ఆకాశంకేసి సూసుకుంటా నడుత్తారు. నువ్వే సూసుకోవాల.”

“నాను సూసుకుంటానే,” అన్నాను.

ఆనందపురం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, తరవాత రెండు మైళ్ళు బురదలో నడక. ఏటి ఒడ్డున గురువులు అనే పడవవాడు మా కోసం కాచుకుని ఉన్నాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, నల్లగా, గడకర్ర పట్టుకుంటే పడవతో పాటు పుట్టినట్టుండేవాడు. భీమిలి దాకా మూడు రోజులు, దిబ్బ దిబ్బకీ ఆగుతూ తీసుకెళ్ళాలని ఒప్పందం. పడవెక్కగానే ఒక షరతు పెట్టాడు. నీటి మీద ఉన్నంతసేపూ పాము అన్న మాట నోట రాకూడదు. పురుగు అనాలి.

“పేరెడితే పిలిసినట్టే బాబూ,” అన్నాడు.

ఫక్రుద్దీన్‌కి ఇది భలే నచ్చింది. ఆ మూడు రోజులూ పాత గోనెపట్టా చూసినా, కొబ్బరితాడు చూసినా, అదుగో పురుగు అంటూ గురువుల్ని ఆట పట్టించాడు. గురువులు కూడా కోపం తెచ్చుకునేవాడు కాదు. ఫక్రుద్దీన్ మీద ఎవరికీ కోపం నిలిచేది కాదు, అదొక సుగుణం అతనిలో.

అతని పని ఏమిటంటే, పాము పక్కన కొలత చూపించడం. ఎంత పొడుగో బొమ్మలో తెలియాలని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. అందుకని ఆరడుగుల వెదురుబద్ద మీద అడుగడుక్కీ సున్నంతో గీత పెట్టాడు ఫక్రుద్దీన్. పాము కనిపించగానే అతను మెల్లగా ముందుకి వెళ్ళి, బద్దని దాని పక్కకి చాచి కదలకుండా నిలబడేవాడు. నేను అతని వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, పెట్టె తెరిచి, తల వంచేవాణ్ణి.

మొదటి రోజు నీరుకట్టె, జెర్రిపోతు దొరికాయి. జెర్రిపోతు ఒక మొగలి పొద మొదట్లో ఎండకి పడుకుని ఉంది. దాని గడ్డం కాస్త పైకెత్తమని చెప్పు బావా, పెళ్ళికొడుకులా ఉందని ఫక్రుద్దీన్ గుసగుసగా అన్నాడు. నాకు నవ్వొచ్చి కెమెరా కదిలిపోయింది, రెండు బొమ్మలు పాడయ్యాయి. రెండో రోజు ఒక చచ్చిన గేదె పక్కన, వరద తెచ్చి పడేసిన తుక్కులో, కట్లపాము కనిపించింది. పగలు కాబట్టి మందంగా చుట్ట చుట్టుకుని ఉంది. ఆ గేదె కంపుకి ముక్కుకి రుమాలు కట్టుకుని అయిదు బొమ్మలు తీశాను. తీస్తున్నంతసేపూ నాకు భయమే వేయలేదు. ఈ సంగతి నేను చాలాసార్లు ఆలోచించాను. అద్దంలో చూస్తే పాము బొటనవేలంత ఉంటుంది. అందులోకి తల వంచినవాడికి అది బొమ్మే గానీ పాము కాదు. ముందు నిలబడ్డవాడికే అది పాము.

మూడో రోజు పది గంటలకి పద్మనాభం దాటాక ఒక పెద్ద దిబ్బ దగ్గర గురువులు పడవ ఆపాడు. నీళ్ళు తీసి రెండు రోజులయింది. దిబ్బ మీద రెల్లు అంతా ఒకవైపుకి ఒరిగిపోయి, దాని మీద ఎండుటాకులు, కొమ్మలు, ఎవరిదో తాటాకు కప్పు, అన్నీ మేటవేసి ఉన్నాయి. తాను దిగనన్నాడు గురువులు.

“ఇక్కడ ఒకటి కాదు బాబూ. నీటికి కొట్టుకొచ్చినయ్యన్నీ ఇక్కడే ఉన్నాయి. కింద సూసుకుని ఎల్లండి,” అని చెప్పాడు.

పది అడుగులు వెళ్ళేసరికి నాగుపాము కనిపించింది. గోధుమరంగు, బాగా ముదిరింది. మమ్మల్ని చూసి పారిపోలేదు, పారిపోవడానికి చుట్టూ నీళ్ళే. లేచి పడగ విప్పింది. ఫక్రుద్దీన్ బద్ద చాచి, కళ్ళు దాని మీదే పెట్టి, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. నేను తల వంచాను.

అద్దంలో అంతా బాగుంది. వెలుతురు బాగుంది, పడగ మీద గుర్తు స్పష్టంగా ఉంది. ఫక్రుద్దీన్ కాళ్ళు అంచున పడుతున్నాయి, సర్లే, ప్రింటులో కోసేయొచ్చు అనుకున్నాను. అప్పుడు అతని కాలికి జానెడు దూరంలో, ఎండుటాకుల్లో, ఆకులు కానిది ఒకటి కనిపించింది. వరసగా గొలుసు గుర్తులు. లావుగా, పొట్టిగా, చుట్ట చుట్టుకుని ఉంది. రక్తపింజరి. అది అద్దంలో అతని కుడి పక్కన ఉంది.

“బావా, ఎడంపక్కకి జరుగు. బేగి.”

తల ఎత్తకుండానే అన్నాను. అతను కిందికి చూడలేదు. నాగుపాము మీంచి కళ్ళు తిప్పలేని పరిస్థితి, పైగా చెప్పింది నేను. జరగమన్నవైపు జరిగాడు. సరిగ్గా అప్పుడే పడగ ఇంకా విప్పారింది, నా వేలు కెమెరా మీట నొక్కేసింది.

ఫక్రుద్దీన్ అరవలేదు. బద్ద వదిలేసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఇసకలో కూచున్నాడు. ఎడమ చీలమండ పైన రెండు చుక్కలు, చుట్టూ అప్పుడే ఎర్రబడుతోంది.

“బావా, పురుగు ముట్టింది,” అన్నాడు.

గురువులు దిగనన్న దిబ్బ మీదికి పరుగెత్తుకొచ్చి అతన్ని భుజాన వేసుకున్నాడు. రోడ్డు తగిలే రేవు దాకా గంటన్నర. ఆ గంటన్నరా గురువులు గడకర్ర వేస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. రేవులో ఇటుకల లారీ దొరికింది. నేను కెమెరా మెడలో అలాగే ఉంచుకుని, అతని తల ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. కాలు మోకాలి దాకా వాచింది. ఆనందపురం దాటేసరికి చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. ఉమ్మి చూసి, తమలపాకు వేసుకున్నట్టుంది బావా అన్నాడు.

ఆసుపత్రిలో ఎవరినీ అనడానికి లేదు. శ్రీరామ్మూర్తి గారే దగ్గరుండి మందు ఎక్కించారు. ఉన్న సీసాలన్నీ వాడారు. రెండో రోజుకి రక్తం ఆగింది. మూడో రోజుకి మూత్రం ఆగిపోయింది. మూత్రపిండాలకి దెబ్బ తగిలిందని, రెండు మూడు రోజులు చూడాలని చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, కరీమున్నీసా మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు, ఫక్రుద్దీన్ నా చెయ్యి పట్టుకున్నాడు. మొహం ఉబ్బి కళ్ళు సన్నగా అయిపోయాయి. అతను పదేళ్ళ నుంచి నా పక్క గదిలో పని చేస్తున్నాడు. పూలజడ ఫోటోలు తీసేటప్పుడు నేను తల ఎత్తి మాట్లాడటం వందసార్లు చూసి ఉంటాడు.

“బావా,” అన్నాడు. “నువ్వు తల ఎత్తలేదు కదూ.”

“ఎత్తలేదు బావా.”

“సరే,” అన్నాడు.

నా చెయ్యి వదల్లేదు. కరీమున్నీసా కూజాతో వచ్చి మంచం పక్కన నిలబడింది. మూడు రోజులుగా నిద్ర లేదు, తిండి లేదు, ఏడుపు కూడా రాలేదు దానికి. మొగుడి పెదాలు చెంచాతో తడుపుతూ ఉన్నట్టుండి తిట్టడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర చెప్పి పంపించాను కదా, పడవవాడు చెప్పాడట కదా, కింద చూసుకు నడవమని ఎంతమంది చెప్పాలి, ఏళ్ళొచ్చాయి గానీ ఒళ్ళు తెలిసి నడవడం రాలేదు, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు అని. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

“కళ్ళెక్కడెట్టుకున్నారు మీరు? సెప్పండి, కళ్ళెక్కడెట్టుకున్నారు?”

ఫక్రుద్దీన్ నవ్వినట్టు పెదాలు కదిపాడు.

“సూసుకోలేదే. నాదే బుద్ధి తక్కువ,” అన్నాడు.

నేను మంచానికి రెండో వైపు నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. తరవాత చెప్పొచ్చు, ముందు మనిషి బతకనీ అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అసలు సంగతి, నాకు భయం వేసింది. దిబ్బ మీద వేయని భయం అక్కడ వేసింది.

ఆ రాత్రి నుంచి ఫక్రుద్దీన్‌కి మాట లేదు. అయిదో రోజు సాయంత్రం అసరు నమాజు వేళకి పోయాడు. కరీమున్నీసాకి అతనితో ఆఖరి మాటలు ఆ తిట్లే.

పది రోజుల తరవాత గాని నేను ఆ ఫిల్ము రోలు కడగలేదు. చీకటి గదిలో ట్రేలో కాగితం ఊపుతుంటే బొమ్మ మెల్లగా తేలింది. కాగితం మీదికి వచ్చాక లోకం మళ్ళీ సరిగా ఉంటుంది, ఎడమ ఎడమగా, కుడి కుడిగా. నాగుపాము పడగ అద్భుతంగా వచ్చింది. అంత మంచి బొమ్మ అంతకు ముందు తీయలేదు, తరవాతా తీయలేదు. అంచున ఫక్రుద్దీన్ రెండు కాళ్ళు, వెనక నుంచి. ఎడమ మడమ నేల మీంచి లేచి ఉంది. ఆ మడమ పక్కన, ఎడమవైపున, గొలుసు గుర్తులు.

కుడివైపున రెండు గజాల ఖాళీ ఇసక ఉంది.

డాక్టరు గారికి పడగ మట్టుకు కోసి ఇచ్చాను. ఆయన రక్తపింజరి బొమ్మ అడగలేదు, దాని జాగాలో ఎవరో గీసిన బొమ్మ వేయించారు. ఆ కాగితం పెందుర్తి ఆసుపత్రి గోడ మీద నేను చాలా ఏళ్ళు చూశాను. పూర్తి నెగెటివు ఒక ఖాళీ ఫిల్ము డబ్బాలో పెట్టి బీరువా పైకి తోసేశాను.

కరీమున్నీసా నాలుగు నెలల పది రోజులు, మొగుడు పోయినవాళ్ళు గడప దాటకూడని ఇద్దత్‌లో కూచుంది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ అదే చెప్పేది. మనిషి బంగారం గానీ కింద చూసుకోలేదమ్మా, నాకింత అన్యాయం చేసి పోయాడు అని. ఆ మాట గోడ అవతల నుంచి వింటూ నేను అన్నం తినేవాణ్ణి. చెబుదామని పదిసార్లు గుమ్మం దాకా వెళ్ళాను. ఈ వేళ వద్దు, ఇద్దత్ ముగియనీ అనుకునేవాణ్ణి. ముగిశాక, ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది, ఇంకెందుకు అనుకున్నాను. ఇలాంటి సాకులు వెతుక్కుంటే దొరుకుతూనే ఉంటాయి.

కరీమున్నీసా ఇంట్లో కూచుని చేసేది ఏమీ లేక నెగెటివుల మీద పెన్సిలు దిద్దడం నేర్చుకుంది. మొహం మీది మచ్చలు, కంటి కింద చారలు పోగొట్టడం. చెయ్యి స్థిరం, ఓపిక ఎక్కువ. తరవాత కెమెరా నేర్పమంది. పాత ఊళ్ళో పరదా ఆడవాళ్ళు మగవాడి ముందు మొహం తీయడానికి ఇష్టపడక ఫోటోలే మానుకునేవారు. ఆడమనిషి తీస్తుందంటే వస్తారని దాని ఆలోచన. అది నిజమే అయింది. మొదట మా వీధిలో చాంద్ సుల్తానా అనే పెద్దావిడ హజ్ యాత్ర ఫోటోకి వచ్చింది, ఆ తరవాత వారం వారం పెరిగారు. మార్చి నెలకల్లా హిందువుల ఆడవాళ్ళు కూడా చెల్లెలి చేతే తీయించుకుంటామని అడగడం మొదలుపెట్టారు.

నేను దానికి అన్నీ నేర్పాను. వెలుతురు ఎలా పట్టాలో, రోలు ఎలా ఎక్కించాలో, అద్దంలో లోకం ఎందుకు తిరగబడుతుందో, ఎదురుగా ఉన్నవాళ్ళకి అద్దంలో ఎలా కనిపిస్తే అలా చెప్పేయొచ్చని. ఒక్కటి మాత్రం నేర్పలేదు. వీపు తిప్పినవాళ్ళ సంగతి. మరిచిపోయి కాదు. జడ ఫోటో వస్తే ఏదో వంక పెట్టి నేనే తీసేవాణ్ణి.

ఏప్రిల్‌లో మల్లెపూలు విరివిగా వచ్చే రోజుల్లో, కాశమ్మ అనే ఆవిడ పదేళ్ళ కూతురు తాయారుని తీసుకొచ్చింది. పిల్ల నడుము దిగేదాకా మల్లెమొగ్గల జడ. నేను దుమ్ము కొట్టుకుపోయిన తెర దులిపి కడుతున్నాను. నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా కరీమున్నీసా పిల్లని అటు తిప్పి నిలబెట్టి, కెమెరా తెరిచి, తల వంచింది. పిల్ల పక్కన పింగాణీ పూలకుండీ, స్టాండు మీద.

“కొంచెం ఎడమకి జరగమ్మా. కుండీ తగులుద్ది,” అంది.

పిల్ల బుద్ధిగా జరిగింది. స్టాండు పడిపోయింది, కుండీ నాలుగు ముక్కలయింది. తాయారు బిక్కమొహం వేసింది. కాశమ్మ కంగారుపడి, ఎడమేదో కుడేదో తెలీదా నీకని కూతుర్ని కసిరింది.

కరీమున్నీసా తల ఎత్తింది. పిల్లని చూసింది. మళ్ళీ అద్దంలోకి చూసింది. మళ్ళీ పిల్లని. పిల్లది తప్పేమీ లేదని, తను చెప్పినవైపే జరిగిందని కాశమ్మతో చెప్పింది. ముక్కలు ఏరి పక్కన పెట్టింది. ఫోటో తీసింది. తీసేటప్పుడు తల ఎత్తి, చేత్తో చూపించి జరిపింది. ఎప్పుడు రావాలో చీటీ మీద రాసిచ్చి, వాళ్ళని గుమ్మం దాకా సాగనంపి, తలుపు చేరవేసి వచ్చి కుర్చీలో కూచుంది. అది ఫోటోలకి కూచునేవాళ్ళ కుర్చీ.

“ఇది నాకు సెప్పలేదేటి భయ్యా?”

నేను తెర మడతపెడుతున్నాను. మడత పెట్టడం ఆపలేదు.

“ఆ రోజు ఏటికాడ ఆయన ఎటు తిరిగున్నారు? నీకేసా, అటా?”

“అటే.”

“ఎటు జరగమన్నావు?”

“ఎడమకి.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అది ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

“ఆయన నాతో సూసుకోలేదన్నారు,” అంది. “నాను తిట్టాను. నువ్వు ఆ పక్కనే ఉన్నావు భయ్యా.”

నేను ఏదో అనబోయాను. వద్దన్నట్టు చెయ్యెత్తింది. ఆ బొమ్మ తీశావా లేదా అని అడిగింది. బీరువా పైనుంచి డబ్బా దింపి ఇచ్చాను. నెగెటివు కిటికీకి అడ్డం పెట్టి చూసి, చీకటి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అంచు కోయకుండా, ఉన్నదున్నట్టు ప్రింటు తీసింది. ఫక్రుద్దీన్ గదిలో అతను కట్టి పెట్టిన ఫ్రేములు ఇంకా గోడకి ఆనించి ఉన్నాయి. అందులో ఒకటి తీసి దానికి బిగించుకుంది.

అతని మొహం బాగా పడ్డ ఫోటోలు మా ఇంట్లో ఇరవై పైనే ఉన్నాయి. పెళ్ళిదొకటి, పండగలవి, నేను ఊరికే సరదాకి తీసినవి. కరీమున్నీసా తన గదిలో పెట్టుకుంది మాత్రం ఇదొక్కటే. నాగుపాము, ఖాళీ ఇసక, రెండు కాళ్ళు.

ఇల్లు వదిలి పోలేదు. స్టూడియో మానలేదు. నాకు వేళకి అన్నం పెడుతుంది, జ్వరం వస్తే పక్కన కూచుంటుంది. మొగుడు కింద చూసుకోలేదన్న మాట ఆ రోజు నుంచి దాని నోట మళ్ళీ రాలేదు. ఎవరైనా చుట్టాలు వచ్చి, గోడ మీది బొమ్మ చూసి, ఆ కాళ్ళెవరివమ్మా అని అడిగితే చెబుతుంది.

“మా ఇంటాయనవి. ఎడంపక్కకి జరగమంటే జరిగారు.”

ఎవరు జరగమన్నారో చెప్పదు. వచ్చినవాళ్ళకి టీ నీళ్ళు తీసుకెళ్ళేది నేనే కాబట్టి, ఆ మాట అన్నప్పుడు సాధారణంగా నేను అక్కడే ఉంటాను.